పికాసో బొమ్మలో మనిషిని వెతకాలంటే చేతుల దగ్గర మొదలుపెట్టండి | చికాగో వ్లాగ్

నమస్తే అండీ. "ముక్కలు ముక్కలుగా ఉన్న ఆ బొమ్మలో మనిషి ఎక్కడమ్మా?" అని ఊరి నుంచి పెద్దమ్మ అడిగింది. ఈ వీడియో ఆవిడ కోసమే.

ఇది చికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్. టికెట్ అటూ ఇటుగా 30 డాలర్లు, అంటే రెండున్నర వేల రూపాయల పైమాటే. 14 ఏళ్లలోపు పిల్లలకు ఉచితం. అన్నట్టు, 1893 సెప్టెంబర్ 11న వివేకానందుడు మాట్లాడింది ఈ భవనంలోనే. ఇంత దూరంలో ఆ మాట తలుచుకుంటే గుండె నిండిపోతుందండీ.

సరే, బొమ్మకొద్దాం. 1910లో కాన్‌వైలర్ అనే మనిషిని పికాసో వేసిన చిత్రం ఇది. ఎత్తు మీటరు, వెడల్పు 70 సెంటీమీటర్ల పైన. కాన్‌వైలర్ జర్మన్, 1907లో పారిస్‌లో గ్యాలరీ తెరిచి పికాసో బొమ్మలు అమ్మిన వ్యాపారి.

దగ్గరికెళ్లి ముక్కు కోసం వెతక్కండి, ఏమీ దొరకదు. నాలుగడుగులు వెనక్కి జరగండి. కింద మధ్యలో తేలికరంగులో ఒకదాని మీద ఒకటి పెట్టుకున్న చేతులు కనిపిస్తాయి. అక్కణ్నుంచి నిట్టనిలువుగా పైకి రండి: కోటు మీద గడియారం గొలుసు, ఆపైన టై ముడి, కళ్లు, చివర్న అలలా దువ్విన జుట్టు. ఈ ఆనవాళ్లు పట్టుకుంటే కూర్చున్న మనిషి కళ్లకు కడతాడు. ఎడమవైపు కింద సీసా లాంటివి ఉన్నాయి, అవి ఒంట్లో భాగం కాదు.

పగిలిన అద్దంలో మొహం అంటారు చాలామంది. నేనొప్పుకోను. అద్దం ముక్కకు చుట్టూ అంచుంటుంది. ఇక్కడ ముక్కకు ఒకవైపు గీత గీసి, రెండోవైపు తెరిచి వదిలేశాడు. రంగు అటుగా పక్క ముక్కలోకి, అక్కణ్నుంచి వెనక గోడలోకి జారిపోతుంది. భుజం ఎక్కడ ఆగిందో తెలియనిది అందుకే. వెలుగూ ఒక దిక్కు నుంచి రాదు, ఒక్కో ముక్కకు దాని నీడ దానిదే. ఇక రంగులంటారా, గోధుమ, బూడిద, నలుపు, తెలుపు. ఎర్రో పచ్చో ఉంటే కన్ను అక్కడే ఆగిపోయి ఆకారాల మీద నిలవదు. ఫోన్ కెమెరా ఈ గోధుమరంగును పసుపు చేసేస్తుంది, ఫోటో చూసి తీర్పు చెప్పకండి.

పిల్లలతో వస్తే ముందు ఇదే మ్యూజియంలోని హువాన్ గ్రీస్ అనే చిత్రకారుడు వేసిన చిత్రం చూపించండి. 1912లో పికాసోనే కూర్చున్నట్టు వేశాడు. అందులో గీతలు తిన్నగా, అంచులు స్పష్టంగా ఉంటాయి. చేతిలో రంగుల పలక, కోటు గుండీలు వాళ్లే కనిపెట్టేస్తారు.