పే స్టబ్‌లో మూడు లైన్లు: అమెరికా హెల్త్ ఇన్సూరెన్స్ గొడవలో మన వాటా ఎంత?

నమస్తే అండీ. ఇవాళ టేబుల్ మీద రెండే కాగితాలున్నాయి. ఒకటి పే స్టబ్, అంటే జీతం చీటీ. ఇంకొకటి డబ్ల్యూ-2, అంటే ఏడాది జీతం, టాక్స్ లెక్క చూపించి కంపెనీ ఇచ్చే కాగితం. రెండూ నమూనాలే, అంకెలు లెక్క చెప్పడానికి వేసుకున్నవి. అమెరికాలో ఎన్నికలొచ్చినప్పుడల్లా హెల్త్ ఇన్సూరెన్స్ మీద టీవీల్లో అరుచుకుంటారు కదా, ఆ గొడవంతా ఈ కాగితాల్లో ఉంది. ఓటు హక్కు లేని హెచ్‌వన్‌బీ (ఉద్యోగ వీసా) వాళ్ళ కాగితాల్లో కూడా ఉంది.

ముందు మెడికేర్ అని ఉన్న లైను చూడండి. జీతంలో 1.45 శాతం కట్ అయింది. కంపెనీ ఇంకో 1.45 శాతం వేస్తుంది. ఎఫ్‌వన్ (స్టూడెంట్ వీసా) మీద ఓపీటీ, అంటే చదువుకి సంబంధించిన ఉద్యోగం, చేసే పిల్లలకి మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాలు మామూలుగా ఇది కట్ అవ్వకూడదు. అయిందంటే పేరోల్ వాళ్ళు స్టేటస్ తప్పు ఎక్కించుకున్నట్టే. ముందు వాళ్ళనే సరిచేసి వెనక్కి ఇమ్మనాలి, ఇవ్వలేదంటే ఐఆర్ఎస్‌కి, అంటే ఫెడరల్ టాక్స్ శాఖకి, ఫారం 843, దానితోపాటు 8316 పంపాలి. హెచ్‌వన్‌బీకి మారిన రోజు నుంచి మాత్రం తప్పదు.

1965 జూలై 30న లిండన్ జాన్సన్ సంతకం పెట్టిన చట్టంతో ఈ లైను వచ్చింది. ఇవాళ పనిచేసేవాళ్ళ జీతంలోంచి తీసి ఇవాళ్టి పెద్దవాళ్ళ హాస్పిటల్ ఖర్చుకి ఇస్తారు. మన వంతు రావాలంటే 65 ఏళ్ళు నిండాలి, ప్రీమియం లేకుండా పార్ట్ ఏ (మెడికేర్‌లో హాస్పిటల్ భాగం) కావాలంటే 40 క్రెడిట్లు, అంటే సుమారు పదేళ్ళ పని ఉండాలి. తొమ్మిదేళ్ళు చేసి హైదరాబాద్ వెళ్ళిపోయినా కట్టింది వెనక్కి రాదు. "నా ఇన్సూరెన్స్ నేను కట్టుకుంటున్నా, ఎవరి బరువో నేనెందుకు మోయాలి" అనేవాళ్ళు మన వాట్సాప్ గ్రూపుల్లో చాలామందే ఉంటారు. మొదటి జీతం నుంచే మోస్తున్నారండీ, చూసుకోలేదంతే.

రెండో లైను మెడికల్ ప్రీ-టాక్స్. ఇందులో నెలకి 500 డాలర్లు వేశాం. టాక్స్ లెక్కకట్టకముందే ఈ డబ్బు జీతంలోంచి తీసేస్తారు. ఫెడరల్ టాక్స్ 24 శాతం శ్లాబులో ఉండి, సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కలిపి 7.65 శాతం కట్టే మనిషికి దీనివల్ల నెలకి సుమారు 158 డాలర్లు మిగులుతుంది. ఎవరిచ్చినట్టు? ప్రభుత్వం వదులుకున్నట్టు. ఇప్పుడు డబ్ల్యూ-2లో 12వ బాక్స్ చూడండి, డీడీ అనే కోడ్ పక్కన మామూలుగా పెద్ద అంకె ఉంటుంది. అందులో మీ వాటాతో పాటు కంపెనీ వాటా కూడా ఉంటుంది. ప్లాన్ అసలు ఖరీదు అదీ. కంపెనీ వాటా మీద కూడా మీకు టాక్స్ పడదు.

రెండో ప్రపంచ యుద్ధకాలంలో, 1942లో, జీతాలు పెంచకుండా ప్రభుత్వం కట్టడి పెట్టింది. మనుషుల్ని ఆకర్షించడానికి కంపెనీలు జీతం బదులు ఇన్సూరెన్స్ ఇవ్వడం మొదలుపెట్టాయి. దానికి టాక్స్ లేదని 1954 టాక్స్ చట్టంలో ఖాయం చేశారు. ఉద్యోగం పోతే ఇన్సూరెన్స్ పోవడమనే ఈ వింత ఏర్పాటు అలా మిగిలిపోయింది. సబ్సిడీ అంటే పేదవాళ్ళకే అనుకుంటాం గానీ, ఈ ప్రీ-టాక్స్ లైను కూడా సబ్సిడీయే. శ్లాబు పెరిగేకొద్దీ లాభం పెరిగే సబ్సిడీ. దీన్ని ఎవరూ ఆ పేరుతో పిలవరు, అందుకే దీని మీద గొడవ కూడా పెద్దగా ఉండదు.

మరి గొడవంతా దేనిమీద? కంపెనీ ఇన్సూరెన్స్ లేనివాళ్ళు సొంతంగా కొనుక్కునే మార్కెట్ (మార్కెట్‌ప్లేస్ అంటారు) మీద, తక్కువ ఆదాయం ఉన్నవాళ్ళకి ప్రభుత్వమిచ్చే మెడికెయిడ్ మీద.

చీటీ వేసినవాళ్ళకి ఇది ఒక్క మాటలో అర్థమవుతుంది. ఇరవై మంది చీటీ. పాడుకునే నెలలో వచ్చి చేరి, డబ్బు తీసుకుని, మర్నెల్నుంచి మానేస్తానంటే ఎవరైనా ఒప్పుకుంటారా? జబ్బు చేశాక ఇన్సూరెన్స్ కొనుక్కోవడం అలాంటిదే. అందుకే 2010కి ముందు కంపెనీలు షుగరుందా, గుండె జబ్బుందా అని ఆరా తీసి, ఉంటే పాలసీ ఇచ్చేవి కావు, ఇచ్చినా ఆ జబ్బుకి వర్తించదని రాసేవి. అలాంటివాళ్ళ కోసం 35 రాష్ట్రాలు హై రిస్క్ పూల్స్, అంటే రోగులకే విడిగా ఇన్సూరెన్స్, నడిపాయి. వాటిలో ప్రీమియం మామూలు కన్నా బాగా ఎక్కువ, పైగా చాలా చోట్ల పాత జబ్బుకి నెలల తరబడి ఆగాలి. రోగులందర్నీ ఒకే చీటీలో వేస్తే అది ఎలా నడుస్తుంది?

2010 మార్చి 23న ఒబామా సంతకం పెట్టిన చట్టం (ఒబామాకేర్) మూడు రాళ్ళ పొయ్యి. మొదటి రాయి: జబ్బు చూసి పాలసీ నిరాకరించకూడదు, ఎక్కువ వసూలు చేయకూడదు. వయసుని బట్టి తేడా ఉండొచ్చు, కానీ పెద్ద వయసు వాళ్ళ ప్రీమియం కుర్రాళ్ళ ప్రీమియానికి మూడు రెట్లు దాటకూడదు. రెండోది: ఆరోగ్యంగా ఉన్నా అందరూ కొనాలి, లేకపోతే జరిమానా. మూడోది: కొనలేనివాళ్ళకి సబ్సిడీ.

అందరూ కొనాలన్న రూలు మొదట రిపబ్లికన్ల వైపు నుంచి వచ్చిన ఆలోచన. 1989లో రిపబ్లికన్ల వైపు మొగ్గే మేధో సంస్థ హెరిటేజ్ ఫౌండేషన్ ప్రతిపాదించింది, 2006లో మాసచూసెట్స్‌లో గవర్నర్ మిట్ రామ్నీ అమలు చేశాడు. ఎమర్జెన్సీకి వచ్చిన మనిషిని డబ్బుల్లేవని గెంటేయకూడదని 1986 నుంచే చట్టముంది కాబట్టి, ఇన్సూరెన్స్ లేకుండా తిరిగేవాడి ప్రమాదాన్ని ఎలాగూ మిగతావాళ్ళే భరిస్తున్నారు, ముందే కట్టించండి అన్నది వాళ్ళ వాదన. బాధ్యత అనే మాట అప్పట్లో వాళ్ళ నోటినుంచే ఎక్కువ వినిపించేది. ఒబామా అదే పని చేసేసరికి అది స్వేచ్ఛ మీద దాడి అయిపోయింది. 2012లో సుప్రీంకోర్టు 5-4తో, జరిమానా ఒక రకం టాక్స్ కాబట్టి చెల్లుతుందంది. అదే తీర్పులో మెడికెయిడ్ విస్తరణని రాష్ట్రాల ఇష్టానికి వదిలేసింది. టెక్సస్, జార్జియా, ఫ్లోరిడా అందుకే పూర్తి విస్తరణ చేయలేదు.

వ్యతిరేకించేవాళ్ళ మాటలో పస లేదనకండి. 27 ఏళ్ళ కుర్రాడు తన ఖర్చుకి మించి కడుతున్న మాట నిజం. ప్రీమియంలో కనీసం 80 శాతం వైద్యానికే ఖర్చుపెట్టాలన్న రూలు వినడానికి బాగుంటుంది గానీ, వైద్యం ఖరీదు పెరిగితే కంపెనీకి మిగిలే 20 శాతం కూడా పెరుగుతుంది. ఎంఆర్ఐ ధర ఇంత ఎందుకన్న ప్రశ్న ఈ చట్టం సరిగ్గా వేయనే లేదు.

2017 జూలై 28 తెల్లవారుజామున సెనేట్‌లో రిపబ్లికన్ సెనేటర్ జాన్ మెకెయిన్ బొటనవేలు కిందికి చూపించడంతో ఈ చట్టం రద్దు ప్రయత్నం 49-51తో ఓడింది. ఆ డిసెంబర్‌లోనే టాక్స్ చట్టంలో పెట్టి రెండో రాయిని లాగేశారు. తలకి 695 డాలర్లు లేదా ఆదాయంలో 2.5 శాతం, ఏది ఎక్కువైతే అది అన్న జరిమానా 2019 నుంచి సున్నా. కాలిఫోర్నియా, న్యూజెర్సీ, మాసచూసెట్స్, రోడ్ ఐలాండ్, వాషింగ్టన్ డీసీ మాత్రం సొంత జరిమానా పెట్టుకున్నాయి. అంటే కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్‌లోనో న్యూజెర్సీలో ఎడిసన్‌లోనో ఉంటే ఇన్సూరెన్స్ లేని నెలలకి స్టేట్ రిటర్న్‌లో లెక్క చెప్పాలి. డల్లాస్‌లో అడిగేవాళ్ళు లేరు.

రెండో రాయి పోయినా గిన్నె ఒరగలేదు, మూడోది ఆనుకుని ఉంది కాబట్టి. 2021లో ఆ సబ్సిడీని ఇంకా పెంచారు, 2025 చివరిదాకా పొడిగించారు. ఇంకా పొడిగించాలా వద్దా అన్న పట్టుదల మీదే 2025 అక్టోబర్ 1 నుంచి 43 రోజులు ఫెడరల్ ప్రభుత్వం మూతపడింది. పొడిగింపు లేకుండానే మళ్ళీ తెరుచుకుంది. డిసెంబర్ 31తో గడువు అయిపోయింది.

దాంతో 2026లో పాత కొండ అంచు తిరిగొచ్చింది. సొంత కంపెనీ పెట్టుకున్నవాళ్ళూ, 1099 మీద, అంటే ఉద్యోగిగా కాకుండా, కాంట్రాక్టులు చేసేవాళ్ళూ ఇక్కడ కాస్త ఆగి చూడండి. పేదరిక రేఖకి నాలుగు రెట్లు దాటితే సబ్సిడీ మొత్తం పోతుంది. నలుగురున్న ఇంటికి ఆ గీత 128,600 డాలర్లు. సరిగ్గా గీత మీద ఉన్న కుటుంబం, సబ్సిడీ లెక్కకి కొలమానంగా తీసుకునే బెంచ్‌మార్క్ సిల్వర్ ప్లాన్‌కి ఆదాయంలో 9.96 శాతం, అంటే ఏడాదికి సుమారు 12,809 డాలర్లు కడితే చాలు. ప్లాన్ ఖరీదు 24,000 అనుకుంటే మిగతా 11,191 ప్రభుత్వానిది. ఒక్క డాలర్ ఎక్కువ సంపాదిస్తే ఆ 11,191 సున్నా అవుతుంది. ఇంతకుముందు తక్కువ ఆదాయం అంచనా వేసి ఎక్కువ సబ్సిడీ తీసుకున్నా, అసలు ఆదాయం గీత కిందే ఉంటే, తిరిగి కట్టాల్సిన దానికి ఒక పరిమితి ఉండేది. 2026 నుంచి అదీ లేదు. సబ్సిడీ లెక్క తేల్చే ఫారం 8962 నింపేటప్పుడు ఎక్కువ తీసుకున్నదంతా కక్కాలి.

నవంబర్లో కూర్చుని లెక్క చూసుకుంటే ఆదాయం 133,000 దగ్గర తేలుతోందనుకోండి, దారి ఉంది. 2026 నుంచి మార్కెట్‌ప్లేస్‌లో బ్రాంజ్ ప్లాన్లన్నిటికీ హెచ్ఎస్ఏ, అంటే వైద్య ఖర్చుకి టాక్స్ లేకుండా దాచుకునే ఖాతా, వర్తిస్తుంది. 2026లో ఫ్యామిలీ పరిమితి 8,750. ఏడాదంతా ఆ ప్లాన్‌లో ఉండి అది పూర్తిగా వేస్తే లెక్కలోకొచ్చే ఆదాయం 124,250కి దిగుతుంది. మరుసటి ఏప్రిల్ 15 దాకా వేయొచ్చు కూడా. సొంత పని చేసుకునేవాళ్ళు రిటైర్మెంట్‌కి దాచుకునే సోలో 401కే ఇంకో దారి.

వీసా వాళ్ళకి ఇంకో తేదీ ఉంది. 2027 జనవరి నుంచి హెచ్‌వన్‌బీ, హెచ్4, ఎల్1, ఎఫ్1 వాళ్ళు మార్కెట్‌ప్లేస్‌లో కొనొచ్చు గానీ సబ్సిడీ ఉండదు. 2025 జూలై 4న వచ్చిన చట్టం అది. గ్రీన్ కార్డు వాళ్ళకి ఉంటుంది.

అయితే గ్రీన్ కార్డు మీద అమ్మానాన్నల్నో అత్తమామల్నో తెచ్చుకున్నవాళ్ళకి అదే చట్టంలో వేరే మెలిక ఉంది. 65 దాటినా మెడికేర్ కొనుక్కోవడానికి ఐదేళ్ళు ఇక్కడ వరుసగా ఉండాలి. మెడికెయిడ్‌కి కూడా చాలా రాష్ట్రాల్లో ఐదేళ్ళు ఆగాలి. ఈ మధ్యకాలానికి మార్కెట్‌ప్లేస్ ప్లానే ఆధారం. ఆదాయం లేని పెద్దవాళ్ళకి ఇదివరకు సబ్సిడీ మీద చాలా తక్కువకి వచ్చేది. కొత్త చట్టం మెలిక ఇదీ: 2026 నుంచి ఇద్దరున్న ఇంట్లో ఆదాయం 21,150 కన్నా తక్కువుంటే, ఈ ఐదేళ్ళలో ఉన్నవాళ్ళకి సబ్సిడీ లేదు. మీ రిటర్న్‌లో డిపెండెంట్లుగా చూపిస్తే మీ ఆదాయమే లెక్కకొస్తుంది, అప్పుడు కొండ అంచు అడ్డం పడుతుంది. గ్రీన్ కార్డుకి వేసేముందే ఈ ఐదేళ్ళ ప్రీమియం ఎంతో లెక్క వేసుకోండి. విజిటర్ వీసా మీద వచ్చేవాళ్ళది వేరే కథ, వాళ్ళకి ట్రావెల్ ఇన్సూరెన్సే. ఫిక్స్‌డ్ బెనిఫిట్ ప్లాన్ చవగ్గా ఉందని కొంటే, బెడ్‌కి రోజుకి ఇంత అని చిన్న మొత్తమిచ్చి చేతులు దులుపుకుంటుంది. పాత బీపీ, షుగర్లకి రొటీన్ చూపింపు ఏ ప్లాన్‌లోనూ ఆశించొద్దు.

ఇక మూడో లైను, పే స్టబ్ ఆగిపోయినప్పుడు కనిపించే లైను. ఎమర్జెన్సీ రూలు తెచ్చిన 1986 చట్టమే కోబ్రా కూడా తెచ్చింది. ఇరవై మంది లేదా అంతకన్నా ఎక్కువమంది ఉన్న కంపెనీలో ఉద్యోగం పోతే అదే ప్లాన్‌ని 18 నెలలు కొనసాగించుకోవచ్చు, కానీ మొత్తం ఖరీదుకి 2 శాతం కలిపి 102 శాతం కట్టాలి. ఎంతవుతుందో తెలియాలంటే డబ్ల్యూ-2లో ఆ డీడీ అంకెని, ఏడాదంతా అదే ప్లాన్‌లో ఉన్నట్టయితే, 12తో భాగించి 2 శాతం కలపండి.

లేఆఫ్ చెప్పిన రోజే హెచ్ఆర్‌ని అడగాల్సింది కవరేజీ ఏ రోజుతో ఆగుతుందని. కొన్ని చోట్ల చివరి పనిదినం, కొన్ని చోట్ల నెలాఖరు. హెచ్‌వన్‌బీ గ్రేస్, అంటే ఉద్యోగం పోయాక ఇక్కడ ఉండనిచ్చే గడువు, 60 రోజుల దాకానే, ఐ-94 (దేశంలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డు) ముందే అయిపోతే అంతవరకే. కోబ్రా ఎంచుకోవడానికి కూడా 60 రోజులు, కానీ అది నోటీసు వచ్చిన రోజు, కవరేజీ పోయిన రోజు, ఈ రెంటిలో ఏది వెనకైతే అక్కడినుంచి మొదలవుతుంది. ఎంచుకున్నాక మొదటి ప్రీమియానికి 45 రోజులు. కవరేజీ పోయిన తేదీ నుంచే వర్తిస్తుంది కాబట్టి కొందరు ఆగి చూస్తారు, ఈలోపు ఏమైనా అయితే వెనక నెలలన్నీ కట్టి వాడుకుంటారు. చట్టం ఒప్పుకుంటుంది. కానీ మధ్యలో హాస్పిటల్ సిస్టమ్‌లో "ఇన్యాక్టివ్" అని చూపిస్తే ముందు డబ్బు మీరే కట్టాల్సి రావచ్చు. మార్కెట్‌ప్లేస్‌కి మారాలంటే కవరేజీ పోయిన 60 రోజుల్లోపే చేయండి. ఆ గడువు దాటాక, భారంగా ఉందని కోబ్రా మానేస్తే అది కొత్త ప్లాన్‌కి కారణంగా లెక్కకి రాదు, ఓపెన్ ఎన్‌రోల్‌మెంట్, అంటే ఏటా అందరూ ప్లాన్ కొనుక్కునే సమయం, దాకా ఆగాలి.

నోటీసు రావడానికి 44 రోజుల దాకా పట్టొచ్చు, చాలాసార్లు మామూలు పోస్టులో, కంపెనీ దగ్గరున్న అడ్రస్‌కే వస్తుంది. లేఆఫ్ అయ్యాక అపార్ట్‌మెంట్ ఖాళీ చేసి స్నేహితుల ఇంటికి మారేవాళ్ళు ఎక్కువ. మారే ముందు హెచ్ఆర్‌కి కొత్త అడ్రస్ మెయిల్ చేసి, పోస్టాఫీసులో అడ్రస్ మార్పు పెట్టండి. పంపేది మీ కంపెనీ కాకుండా వేరే బెనిఫిట్స్ సంస్థ కావచ్చు, కవరు మీద తెలియని పేరుంటుంది. ప్రకటన కాగితమనుకుని చింపేయకండి.