మైక్‌సెట్ నుంచి మిక్సర్ దాకా

శ్రోతలకు నమస్కారం. కాలేజీ వార్షికోత్సవంలోనో, చవితి పందిరి దగ్గరో, పెద్ద మైదానంలో జరిగే సినీ సంగీత విభావరిలోనో, వేదికకు ఎదురుగా జనం మధ్యలో చిన్న గుడారం వేసుకుని మైకుల, వాయిద్యాల శబ్దాలను కలిపి సరిచేసే మిక్సర్ ముందు నిలబడి ఉండే సౌండ్ ఇంజనీరును మీలో చాలామంది చూసే ఉంటారు. ఆ పనిమీద మనసుపడి, దాన్నే జీవనోపాధిగా చేసుకోవాలని ఉబలాటపడే యువతీయువకులు మన ఊళ్లలో తక్కువేమీ లేరు. వారు ముందుగా అడిగేది ఏ కంపెనీ స్పీకర్లు కొనాలని. ఈ రంగంలోకి అడుగుపెట్టదలచినవారు సామాను కొనుగోలుతో మొదలుపెట్టకూడదన్నదే ఈనాటి ప్రసంగంలో నేను చెప్పదలచుకున్న విషయం.

మన ప్రాంతంలో ఈ వ్యాపారం పంచాంగాన్ని పట్టుకుని నడుస్తుంది. పెళ్లి ముహూర్తాలు, శ్రీరామనవమి పందిళ్లు, వినాయక నవరాత్రులు, దసరా ఉత్సవాలు వరసగా వచ్చినప్పుడు మనిషికి నిద్ర కూడా ఉండదు. ఆషాఢం వచ్చినా, మూఢం వచ్చినా సామాను గోడౌనులోనే ఉంటుంది. బ్యాంకు వాయిదా మాత్రం మూఢాన్ని లెక్కచేయదు. పైగా ఈ సామానుకు మోజు త్వరగా తీరిపోతుంది. ఫ్రాన్సుకు చెందిన ఎల్-అకూస్టిక్స్ సంస్థ 1992లో వి-డోస్క్ అనే పద్ధతిని తెచ్చిన తరువాత, స్పీకర్లను ఒకదానికింద ఒకటిగా నిలువునా వేలాడదీసే లైన్ ఆరే పెద్ద వేదికలన్నిటికీ ఆనవాయితీ అయింది. 2012లో బెరింజర్ ఎక్స్32 అనే డిజిటల్ మిక్సర్ వచ్చాక, అంతకుముందు పెద్ద సంస్థలకే అందుబాటులో ఉన్న సౌకర్యాలెన్నో చిన్న జిల్లా పట్టణాల అద్దె దుకాణాల దాకా దిగివచ్చాయి. అప్పు తీరేలోగా మీ సామాను పాతబడిందని అనిపించుకునే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది.

అయితే పని ఎక్కడ నేర్చుకోవాలి? పుణెలోని ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ వంటి చోట్ల శబ్దగ్రహణ కోర్సులు ఉన్నాయి కాని, అవి ప్రధానంగా సినిమా కోసం ఉద్దేశించినవి. ప్రత్యక్ష కచేరీకి మన పాఠశాల ఇప్పటికీ అద్దె సామాను ఇచ్చే దుకాణమే. అహూజా ఆంప్లిఫయరు, రెండు హారన్లు, నాలుగు మైకులతో ఊరూరా తిరిగిన పాతతరం మైక్‌సెట్‌వాళ్లను తేలికగా చూడకూడదు. పద్యనాటకంలో నటుడు పద్యం చివర రాగం అందుకుని వేదికంతా కలియతిరుగుతుంటే, పైనుంచి వేలాడే మైకులతోనే ఆ గొంతును ఆఖరి వరుసవరకూ అందించి, హార్మోనియం దాన్ని మింగేయకుండా చూసుకుని, జనం వన్స్‌మోర్ అన్నప్పుడు హారన్ కీచుమనకుండా కాపాడిన చేతులు అవి. అటువంటివారి దగ్గర ఒక సీజను పనిచేసినవాడికి అబ్బే పట్టు పుస్తకాలతో రాదు.

అక్కడ మొదట అప్పగించే పని కేబుళ్లు చుట్టడం. చాలామంది దాన్ని చిన్నతనంగా భావిస్తారు. అరచేతికీ మోచేతికీ మధ్య తాడు చుట్టినట్లు కేబుల్ చుడితే లోపలి తీగలు ప్రతి చుట్టుకూ మెలిపడి, కొంతకాలానికి ప్లగ్గు దగ్గరే తెగుతాయి. సరైన పద్ధతిలో ఒక చుట్టును మామూలుగా వేసి, తరువాతి చుట్టును మణికట్టు లోపలికి తిప్పి వేయాలి. అలా ఒకటి విడిచి ఒకటి తిరగేస్తూ పోతే ఒక చుట్టు మెలికను మరొక చుట్టు విప్పేస్తుంది. అలా చుట్టిన కేబుల్‌ను వేదికమీద విసిరితే ముడిపడకుండా చాపలా పరుచుకుంటుంది. కొత్తగా వచ్చిన కుర్రవాడు పనికి వస్తాడో రాడో మేస్త్రీ చాలావరకు తేల్చుకునేది ఈ కేబుల్ దగ్గరే.

రెండవది కరెంటు. స్పీకర్లలో గుంయిమనే 50 హెర్ట్జుల హోరు వినిపించగానే, ప్లగ్గుకున్న ఎర్తు పిన్ను తీసేసి సమస్య పోయిందనుకునే దురలవాటు మన దగ్గర ఇంకా ఉంది. హోరు పోవచ్చు; కాని జనరేటరు తీగలో ఎక్కడో లోపముంటే, గిటారు తీగలమీద చేయి ఉంచి మైకును పెదవులకు ఆనించిన గాయకుడి శరీరం గుండానే ఆ కరెంటు దారి వెతుక్కుంటుంది. వేదిక సామానుకూ మిక్సరుకూ ఒకేచోటినుంచి కరెంటు ఇవ్వడం, వాయిద్యం తీగకు డీఐ బాక్సు (వాయిద్యం సిగ్నలును మిక్సరుకు తగినట్లు మార్చే చిన్న పెట్టె) పెట్టి అందులో గ్రౌండు లిఫ్టు (సిగ్నలు తీగలోని గ్రౌండును మాత్రమే విడదీసే మీట) వాడడం సరైన మార్గాలు. ఎర్తు పిన్ను ముట్టుకోకుండా హోరు పోగొట్టగలవాడు, నా దృష్టిలో, సగం సౌండ్ ఇంజనీరు.

మిగిలిన సగం చెవి. శాస్త్రీయ సంగీత కచేరీకి పని చేసేటప్పుడు, మైకులు పెట్టకముందే కళాకారుల దగ్గర కూర్చుని, వీణ మీటు తరువాత నాదం ఎంతసేపు నిలుస్తున్నదో, మృదంగం కుడి ఎడమల నాదంలో తేడా ఎలా ఉన్నదో వినాలి. ఆ విన్నదానినే సభకు అందించాలి తప్ప, మృదంగాన్ని డ్రమ్ముగా మార్చకూడదు. ఇది తరచూ జరుగుతున్నదని వాపోయే విద్వాంసుల మాటలో నిజముంది. గాయకుడు, తనకు వినిపించేందుకు వేదికమీద తనవైపు తిప్పి పెట్టే మానిటర్ స్పీకర్‌లో తంబుర పెంచమని సైగ చేసినప్పుడు మొదటిసారికే గమనించే ఇంజనీరును, తరువాతి ఊరికి కూడా ఆయనే కావాలని పిలిపించుకుంటారు. ఈ రంగంలో సిఫారసు అంటే అదే.

మైకు స్వభావం తెలియడం కూడా అంతే అవసరం. షూర్ సంస్థ 1966లో తెచ్చిన ఎస్ఎమ్58 నేటికీ గాయకుల చేతుల్లో కనిపిస్తుంది. అది ఎదుటినుంచి వచ్చే శబ్దాన్ని బాగా పట్టి, వెనుకవైపు శబ్దాన్ని చాలావరకు వదిలేస్తుంది కాబట్టి, మానిటర్‌ను దాని వెనుకవైపు ఉంచుతారు. కాని కొందరు యువగాయకులు స్టయిలుకోసం మైకు తలను గుప్పిట మూసి పట్టుకుంటారు. వెనుకనుంచి గాలి వెళ్లే దారి మూసుకుపోయి, మైకు నలువైపుల శబ్దాన్నీ పట్టడం మొదలుపెడుతుంది, మరుక్షణం హౌలింగ్, అంటే స్పీకర్ల కీచుమనే మోత. తిట్లు మాత్రం మిక్సర్ దగ్గరివాడికి.

పెద్ద మైదానాల్లో కొంత లెక్క కూడా కావాలి. శబ్దం గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లు ప్రయాణిస్తుంది. వేదికకు 68 మీటర్ల దూరంలో మరో జత స్పీకర్లు పెడితే, వాటిని సెకనులో అయిదో వంతు, అంటే 200 మిల్లీసెకన్లు ఆలస్యం చేయాలి. లేకపోతే వెనుక ఉన్నవారికి ఒకే మాట రెండుసార్లు వినిపిస్తుంది. ఇక పోస్టర్లమీద వేసే వేల వాట్ల సంగతి. శబ్దతీవ్రతను డెసిబెల్స్‌లో కొలుస్తారు; వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్సే. శబ్దం రెండింతలైనట్లు చెవికి అనిపించాలంటే దాదాపు పదింతలు శక్తి కావాలి. వాట్లు చూపి బేరమాడే నిర్వాహకుడికి ఈ లెక్కను ఓపికగా చెప్పగలగడం వ్యాపారంలో భాగం.

ఆ శబ్దంలో మీరు ఏళ్లతరబడి నిలబడాలి. అమెరికాలోని వృత్తి ఆరోగ్య సంస్థ నయోష్ లెక్క ప్రకారం 85 డెసిబెల్స్ శబ్దాన్ని రోజుకు ఎనిమిది గంటలు భరించవచ్చు; 3 డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ ఆ సమయం సగమై, 100 డెసిబెల్స్ దగ్గర పావుగంటకు వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో వినోద వేదికలకు సూచించిన గరిష్ఠ సగటు కూడా 100 డెసిబెల్సే. కచేరీ జరుగుతుండగా మిక్సర్ మీద పని లేని సమయంలో చెవులకు ప్లగ్గులు పెట్టుకోవడానికి సిగ్గుపడేవారు నలభై ఏళ్లకే పై స్వరాలు వినలేక, అవి తగ్గాయనుకుని మిక్సర్‌లో పెంచి, సభ చెవులు కూడా పాడుచేస్తారు.

చివరగా చట్టం, డబ్బు. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియంత్రణ నిబంధనల ప్రకారం లౌడ్‌స్పీకరుకు రాతపూర్వకమైన అనుమతి ఉండాలి. మూసిన హాళ్ల లోపలి కార్యక్రమాలకు తప్ప రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకూ వాడకూడదు. సాంస్కృతిక, మతపరమైన పండుగల కోసం రాష్ట్ర ప్రభుత్వం సంవత్సరంలో మొత్తం 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి 12 వరకు సడలింపు ఇవ్వవచ్చు. పది దాటాక ఇంకొక్క పాట అని నిర్వాహకులు బతిమాలుతారు కాని, పోలీసులు వస్తే ముందు చేయి పడేది మీ ఆంప్లిఫయర్లమీదనే. కనుక అనుమతి పత్రం తెచ్చేది ఎవరు, జనరేటరు, డీజిలు ఖర్చు ఎవరిది, మిక్సర్ ఎన్ని గంటలకు ఆపాలి అన్న సంగతులు ఒప్పుకున్న రోజునే కాగితంమీద రాయించుకుని, బయానా చేతికి వచ్చిన తరువాతే లారీలోకి సామాను ఎక్కించాలి. నమస్కారం.