తీగ కొన ఎక్కడ ఆనింది? పేస్‌మేకర్ మీద స్టూడియో చర్చ

(చర్చలో పాల్గొన్నవారు: గుండె లయ చికిత్సలో నిపుణురాలైన డాక్టర్, పేస్‌మేకర్ క్లినిక్‌లో పరికరాల్ని పరీక్షించే టెక్నీషియన్, ఎనిమిదేళ్లుగా పేస్‌మేకర్‌తో ఉన్న విశ్రాంత ఉపాధ్యాయుడు.)

వ్యాఖ్యాత: నమస్కారం. పేస్‌మేకర్ పెట్టించుకున్నవాళ్లని ఎవరిని పలకరించినా ముందు బ్యాటరీ గురించే చెబుతారు. ఎన్నేళ్లొస్తుంది, ఎప్పుడు మార్చాలి అని. ఇవాళ పేస్‌మేకర్ నుంచి గుండెలోకి కరెంటు తీసుకెళ్లి దెబ్బ కొట్టించే తీగ గురించి మాట్లాడుకుందాం. డాక్టర్లు లీడ్ అంటారు. ఆ లీడ్ కొన గుండెలో ఎక్కడ ఆనిందన్నదాన్ని బట్టి గుండె పనితీరు మారుతుందా? మాస్టారూ, మీ అనుభవంతో మొదలుపెడదాం.

మాస్టారు: కళ్లు తిరిగి పడిపోతే ఆస్పత్రికి తీసుకెళ్లారండి. పూర్తి బ్లాక్ అన్నారు. ఆ మాట వినగానే మావాళ్లు రక్తనాళం మూసుకుపోయిందనుకుని స్టెంట్ వేస్తారా అని అడిగారు. అది కాదు, గుండెలో కరెంటు నడిచే దారి తెగింది అని చెప్పి పేస్‌మేకర్ పెట్టారు. అప్పుడు నా పంపింగ్ 60, అంటే ఎడమ కింది గదిలో నిండిన రక్తంలో ఒక్కో దెబ్బకి 60 శాతం బయటికి పోతోందన్నమాట. ఆర్నెల్లకోసారి వెళ్లేవాణ్ణి, బ్యాటరీ బ్రహ్మాండంగా ఉందని చెప్పి పంపేసేవారు. ఆరేళ్లు అలాగే గడిచాయి. ఆ తర్వాత మెట్లెక్కితే ఆయాసం మొదలైంది. రెండు దిండ్లు ఎత్తు పెట్టుకుంటేగానీ నిద్ర పట్టేది కాదు. వయసు మీద పడిందిలే అనుకున్నాను. ఎకో, అదే గుండె స్కాన్, తీస్తే పంపింగ్ 35.

వ్యాఖ్యాత: ఆ ఆరేళ్లలో ఎకో తీయలేదా?

మాస్టారు: ఒక్కసారి కూడా తీయలేదు. అడగాలని నాకూ తెలియదు. అదే ఇప్పటికీ బాధ.

వ్యాఖ్యాత: డాక్టర్ గారూ, బ్యాటరీ బాగుంది, పేస్‌మేకర్ ఒక్క దెబ్బ కూడా తప్పకుండా కొడుతోంది. మరి గుండె ఎందుకు నీరసించింది?

డాక్టర్: కొట్టడం కొట్టింది, కొట్టిన తీరులోనే తేడా వచ్చింది. గుండె పై గదుల నుంచి వచ్చే కరెంటు మామూలుగా హిస్ కట్ట అనే కరెంటు పోగుల మోపు గుండా దిగి, కుడి, ఎడమ శాఖలుగా చీలి, పర్కింజి పోగుల్లోకి పాకుతుంది. ఆ పోగుల్లో దాని వేగం సెకనుకు 2 నుంచి 4 మీటర్లు. అందుకే కింది గదుల గోడలన్నీ దాదాపు ఒకేసారి ముడుచుకుంటాయి. కింది గదులంతటా కరెంటు పాకడానికి పట్టే సమయాన్ని ఈసీజీలో క్యూఆర్ఎస్ అనే గీత వెడల్పు చూపిస్తుంది, అది 100 మిల్లీసెకన్ల చుట్టుపక్కల ఉంటుంది. లీడ్‌ని కుడి జఠరిక, అంటే కుడివైపు కింది గది, అడుగున, కొన దగ్గర పెట్టామనుకోండి, కరెంటు ఆ రహదారి ఎక్కదు. కండరం నుంచి కండరానికి పాకాలి. అక్కడ దాని వేగం సెకనుకు మీటరు కూడా ఉండదు. దాంతో క్యూఆర్ఎస్ 150, 160, ఒక్కోసారి 180 దాకా సాగుతుంది.

వ్యాఖ్యాత: మిల్లీసెకన్లలో తేడాకి గుండె ఇంతగా దెబ్బతింటుందా?

డాక్టర్: రెండు చేతులూ ఒకేసారి కలిస్తేనే కదా చప్పట్లు మోగేది. ఎడమ జఠరికకి ఒకవైపు మధ్య గోడ, ఎదురుగా పక్క గోడ. కుడివైపు అడుగు నుంచి కరెంటు వస్తే మధ్య గోడ ముందే ముడుచుకుంటుంది. అప్పటికి పక్క గోడకి కబురే అందదు కాబట్టి అది వెనక్కి సాగిపోతుంది. తర్వాత పక్క గోడ ముడుచుకునే సరికి మధ్య గోడ వదులైపోతూ ఉంటుంది. రక్తం బయటికి పోవాల్సిన బలంలో కొంత లోపలే అటూ ఇటూ గుంజులాటకి ఖర్చవుతుంది. మామూలు గుండె తడిబట్టని పిండినట్టు మెలితిరుగుతూ ముడుచుకుంటుంది, ఆ మెలిక కూడా తగ్గిపోతుంది. రోజుకి లక్ష సార్లు ఇలా జరిగితే ఆలస్యంగా కదిలే గోడ మీద భారం పెరుగుతుంది, గది సాగుతుంది, పంపింగ్ పడిపోతుంది.

ఇది నిన్న మొన్న తెలిసిన విషయం కాదు. శరీరధర్మ శాస్త్రవేత్త కార్ల్ విగర్స్ 1925లోనే జంతువుల గుండె మీద దీన్ని చూపించారు. మనిషికి మొదటి పేస్‌మేకర్ అమర్చింది 1958లో, అంటే అప్పటికి 33 ఏళ్ల ముందే.

వ్యాఖ్యాత: తెలిసి కూడా అక్కడే ఎందుకు పెట్టారు?

డాక్టర్: ఎందుకంటే అక్కడ లీడ్ నిలుస్తుంది. సిర గుండా దింపితే నేరుగా అడుగుకే చేరుతుంది. పాత లీడ్‌ల కొనకి చిన్న కొక్కేల్లాంటివి ఉండేవి, అవి లోపలి కండర పోగుల్లో చిక్కుకుని కదలకుండా ఉండేవి. గుండె ఆగిపోయే మనిషికి అప్పుడు కావలసింది ప్రాణం నిలవడం. ఆ డాక్టర్లని నేను తప్పుపట్టను. ఆ చోటు కొన్ని లక్షల మందిని బతికించింది.

టెక్నీషియన్: నేనొక మాట చెప్పాలి మేడం. అడుగున లీడ్ ఉన్నవాళ్లందరికీ పంపింగ్ పడిపోదు. పేస్‌మేకర్ నూటికి ఎన్ని దెబ్బలు కొడుతోందన్నది ముఖ్యం. మా దగ్గర మెషిన్ పెట్టి చూస్తే ఆ శాతం తెరమీదే కనిపిస్తుంది. 2002లో వచ్చిన డేవిడ్ అధ్యయనంలో, అప్పటికే పంపింగ్ తక్కువున్నవాళ్లకి అవసరం లేకపోయినా కుడి జఠరికలో పేసింగ్, అంటే పేస్‌మేకర్ కొట్టే దెబ్బలు, ఎక్కువైతే మరణాలు, గుండె వైఫల్యంతో ఆస్పత్రిలో చేరడాలు కలిపి పెరిగాయి. మరుసటి ఏడు వచ్చిన, మోస్ట్ అనే ఇంకో అధ్యయనం విశ్లేషణలో, ఆ శాతం 40 దాటితే గుండె వైఫల్యం ముప్పు పెరిగినట్టు తేలింది.

వ్యాఖ్యాత: అవసరం లేకుండా ఎందుకు కొడుతుంది?

టెక్నీషియన్: పై గది దెబ్బ తర్వాత కింది గది కోసం పేస్‌మేకర్ కొంత వ్యవధి ఆగుతుంది. ఆ వ్యవధి తక్కువ పెట్టి వదిలేస్తే, గుండె తానే కొట్టేలోపు ఇది ముందుకొచ్చి కొట్టేస్తుంది. కొందరికి ఆ వ్యవధి కాస్త పెంచితే చాలు, 90 శాతం ఉన్న పేసింగ్ 5కి దిగుతుంది. కత్తి పట్టకుండా, నిమిషాల్లో అయ్యే పని. ఇంత తేలికైన పని జరగక నష్టపోయినవాళ్లని చూస్తే మనసు చివుక్కుమంటుంది.

డాక్టర్: నిజమే. కానీ మాస్టారి లాంటివాళ్లకి అది పనికిరాదు. పూర్తి బ్లాక్ ఉంటే ప్రతి దెబ్బా పేస్‌మేకరే కొట్టాలి. అక్కడ లీడ్ ఎక్కడుందన్నదే తేల్చేస్తుంది.

వ్యాఖ్యాత: అడుగున వద్దంటే కొంచెం పైన పెడితే సరిపోదా?

డాక్టర్: మేమూ అదే ఆశపడ్డాం. స్క్రూ లాగా తిప్పి బిగించే లీడ్‌లు వచ్చాక మధ్య గోడ పైభాగంలో పెట్టడం మొదలుపెట్టాం. ప్రొటెక్ట్-పేస్ అని 240 మందిని రెండేళ్లు గమనించిన అధ్యయనం ఉంది. పైన పెట్టినవాళ్లకీ, అడుగున పెట్టినవాళ్లకీ పంపింగ్‌లో తేడా కనిపించలేదు. పైన పెట్టినా కరెంటు రహదారి ఎక్కకుండా కండరంలోనే పాకుతోంది కదా! పైగా ఎక్స్‌రే తెర మీద మధ్య గోడ అనుకున్నది తీరా చూస్తే ముందు గోడ అయిన సందర్భాలూ ఉన్నాయి.

రెండు జఠరికల్నీ కలిపి పేస్ చేయడం ఇంకో మార్గం. 2009లో వచ్చిన పేస్ అధ్యయనంలో 177 మందికి మొదట పంపింగ్ బాగానే ఉంది. ఏడాది తిరిగేసరికి కుడి అడుగున పెట్టినవాళ్ల సగటు 54.8కి దిగింది, రెండువైపులా పెట్టినవాళ్లది 62.2 దగ్గర ఉంది. పంపింగ్ 50 లేదా అంతకన్నా తక్కువ ఉండి బ్లాక్ ఉన్నవాళ్లలోనూ రెండువైపుల పేసింగే మేలని 2013లో బ్లాక్-హెచ్ఎఫ్ అనే అధ్యయనం చూపించింది. అక్కడ కూడా ఎడమ లీడ్ చోటు ముఖ్యమే. అది గుండె బయటి గోడ మీద పాకే సిరలోంచి వెళ్లాలి. పక్క గోడ మీది సిర దొరికితే మంచిది, గుండె కొన వైపు జారితే ఫలితం తగ్గుతుంది. కొందరిలో సిర సరైన చోట ఉండదు. ఇంకొందరిలో పక్కనే ఉన్న నరం తగిలి ఎక్కిళ్లలా పొట్ట అదురుతుంది.

వ్యాఖ్యాత: మాస్టారికి చేసింది అదేనా?

డాక్టర్: కాదు. ఆయనకి ఎడమ శాఖ దగ్గర పెట్టాం. నన్నడిగితే ఈ రంగంలో నేను చూసిన మంచి మార్పుల్లో ఇదొకటి. హిస్ కట్టకే నేరుగా లీడ్ బిగించడం 2000 నుంచి ఉంది. ఆలోచన చక్కనిదే, కానీ ఆ చోటు చాలా చిన్నది. కొందరిలో రోజులు గడిచేకొద్దీ ఎక్కువ కరెంటు ఇస్తేగానీ గుండె స్పందించేది కాదు. 2017లో చైనాకి చెందిన వైజియన్ హువాంగ్ బృందం లీడ్‌ని కుడివైపు నుంచి మధ్య గోడలోకి తిప్పుతూ దించి, ఎడమ శాఖని అందుకోవచ్చని చూపించింది. గోడని తొలుచుకుంటూ వెళ్లడం అన్నమాట. ఒక్కో మలుపుకీ ఈసీజీ మారుతూ ఉంటుంది. శాఖ అందిన క్షణాన క్యూఆర్ఎస్ ఒక్కసారిగా సన్నబడుతుంది. నేను ఎన్నిసార్లు చూసినా ఆ క్షణం నాకు పాతబడలేదు.

టెక్నీషియన్: లోతు మించితే ఎడమ గదిలోకి పొడుచుకుపోతుంది, అది కూడా చెప్పాలి మేడం. అలా లోతుగా దిగిన లీడ్‌ని పదిహేనేళ్ల తర్వాత తీయాల్సి వస్తే ఎలా ఉంటుందన్న అనుభవం ఇంకా ఎవరికీ లేదు.

డాక్టర్: ఒప్పుకుంటాను. అందుకే అందరికీ అదే పెట్టేయండి అనను. పేసింగ్ 20 నుంచి 40 శాతం మించి అవసరమయ్యేవాళ్ల విషయంలో సహజ దారికి దగ్గరగా ఉండే పద్ధతిని ఆలోచించాలని 2023 అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. నా మాట కూడా అదే.

వ్యాఖ్యాత: ఒక ఫోన్ కాల్ ఉంది. చెప్పండమ్మా.

ప్రేక్షకురాలు (ఫోన్‌లో): మా నాన్నగారికి నాలుగేళ్ల కిందట పెట్టారండి. కాగితంలో కుడి జఠరిక కొన అని రాసుంది. ఇదంతా విన్నాక భయమేస్తోంది. తీయించి మార్పించాలా?

డాక్టర్: భయపడకమ్మా. లీడ్ గుండెకి అతుక్కుపోయి ఉంటుంది, తీయడంలో దాని ప్రమాదం దానికుంది. ముందు రెండు విషయాలు కనుక్కో. కింది గదిలో పేసింగ్ ఎంత శాతం, ఇప్పటి ఎకోలో పంపింగ్ ఎంత. శాతం తక్కువగా ఉండి పంపింగ్ బాగుంటే ఏమీ చేయనక్కర్లేదు. శాతం ఎక్కువైతే ఎకో మళ్లీ మళ్లీ తీయించాలి. పంపింగ్ పడుతోందని తేలినా పాతది పీకకుండానే కొత్త లీడ్ జత చేయొచ్చు.

ప్రేక్షకురాలు: తీగ లేని పేస్‌మేకర్ అంటున్నారు, అది మేలా అండీ?

డాక్టర్: తీగ వల్ల వచ్చే ఇన్ఫెక్షన్లు, తీగ విరగడాలు ఉండవు. కానీ చిన్న గొట్టంలా ఉండే ఆ పరికరం కూడా కుడి జఠరిక కండరం మీదే కూర్చుంటుంది. కరెంటు పాకే దారి మారదు. ఎక్కువ పేసింగ్ కావలసినవాళ్లకి ఈ సమస్య అలాగే ఉంటుంది.

వ్యాఖ్యాత: మాస్టారూ, కొత్త లీడ్ వేసి రెండేళ్లయింది కదా. ఇప్పుడెలా ఉంది?

మాస్టారు: ముందు క్యూఆర్ఎస్ 172 ఉండేదట, ఇప్పుడు 118. పంపింగ్ 52కి వచ్చింది. ఇవన్నీ ఇప్పుడు నేనే నోట్‌బుక్‌లో రాసుకుంటున్నాను. బ్యాటరీ పక్కనే ఇంకో గడి గీసి ఎకో తేదీ రాస్తున్నా.

వ్యాఖ్యాత: మెట్లు?

మాస్టారు: ఎక్కుతున్నాను. దిండు కూడా ఒకటే ఇప్పుడు.