కరెంటు తిరిగొచ్చే దారి: సొంతంగా కట్టుకునే చిన్న విమానాల్లో వైరింగు

అందరికీ నమస్కారం. ఈ హాల్లో ఇద్దరు ముగ్గురు ఇప్పటికే ఆర్‌వీ అనే చిన్న విమానం తోక కిట్టు విప్పి గరాజులో పని మొదలుపెట్టారు. మిగతావాళ్లు ఇంకా ఇంట్లోవాళ్లను ఒప్పించే దశలో ఉన్నారు. రేకులు, రివెట్ల సంగతి పోయిన సమావేశంలో మాట్లాడుకున్నాం కాబట్టి ఇవాళ వైరింగు, అందులో వచ్చే తేడాలు పట్టుకోవడం గురించి చెబుతాను.

మీలో చాలామంది ఈసీఈయో ట్రిపుల్ఈయో చదివి అమెరికా వచ్చినవాళ్లు. ఒక్క రివెట్టు కొట్టే ముందు పాత రేకు మీద పదిసార్లు ప్రాక్టీసు చేసేవాళ్లు కూడా, వైరింగు దగ్గరికి వచ్చేసరికి "ఇది మనకు తెలిసిన పనే కదా" అని చకచకా లాగేస్తారు. నేను టెక్నికల్ కౌన్సిలరుగా ఇతరుల విమానాలు చూడ్డానికి వెళ్తుంటాను. అక్కడ కనబడే లోపాల్లో సర్క్యూటు తప్పుగా గీసినవి తక్కువే. ఎక్కువ భాగం అతుకుల్లో ఉంటాయి, అందులోనూ గ్రౌండు వైపు అతుకుల్లో. కరెంటు వెళ్లే దారిని అందరం శ్రద్ధగా గీస్తాం, తిరిగొచ్చే దారిని బాడీకి తగిలించి వదిలేస్తాం. ఇవాళ నా మాటల్లో మూడొంతులు ఆ తిరుగు దారి గురించే.

ముందు ఒక్క విషయం. ఫ్యాక్టరీలో తయారైన సెస్నాలో ఏదైనా పాడైతే మెకానిక్కు వైరింగు మాన్యువల్ తీస్తాడు. మన విమానానికి అలాంటిది ఎవరూ ఇవ్వరు. అమెరికా చట్టం ప్రకారం, పనిలో సగానికి మించిన భాగాన్ని నేర్చుకోవడానికో సరదాకో సొంతంగా చేసుకుంటేనే అది అమెచ్యూర్ బిల్ట్ విమానం. కట్టినవాళ్లు రిపేర్‌మ్యాన్ సర్టిఫికెట్టు తీసుకుంటే, ఏటా చేయాల్సిన కండిషన్ ఇన్‌స్పెక్షన్ మీద సంతకం కూడా వాళ్లే పెట్టుకోవచ్చు. 1953లో పాల్ పోబెరెజ్నీ మిల్వాకీలో ఈఏఏ (సొంతంగా విమానాలు కట్టుకునేవాళ్ల సంఘం, ఎక్స్‌పెరిమెంటల్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్) మొదలుపెట్టినప్పటి నుంచి ఈ ఉద్యమానికి ప్రాణం ఆ స్వేచ్ఛే. దాని బాధ్యత కూడా అక్కడే ఉంది. బొమ్మ గీసి, ప్రతి వైరుకూ నంబరు వేసి, ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో, ఏ గేజో (వైరు మందం), ఏ ఫ్యూజో రాసిపెట్టుకుంటేనే మన విమానానికి మాన్యువల్ ఉన్నట్టు. డ్యాష్‌బోర్డు కింద తలకిందులుగా పడుకుని టార్చి నోట్లో పెట్టుకున్న రోజున, తెల్లటి వైర్ల కట్టలో ఏది ఏదో ఆ కాగితమే చెబుతుంది. వైర్లకు రంగులు వేరువేరుగా ఎందుకు లేవని అడుగుతుంటారు. విమానాల్లో వాడే టెఫ్జెల్ వైరు ఎక్కువగా తెల్లగానే దొరుకుతుంది, రంగు పని నంబరే చేస్తుంది.

టెఫ్జెల్ అన్నాను కాబట్టి, ఆటో విడిభాగాల షాపులో చవగ్గా దొరికే పీవీసీ వైరు మాత్రం దయచేసి వాడకండి. టెఫ్జెల్ తొడుగు 150 డిగ్రీల సెల్సియస్ దాకా తట్టుకుంటుంది. పీవీసీ కాలితే వచ్చే పొగలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉంటుంది. కారైతే పక్కకి ఆపి దిగిపోతారు. ఇద్దరు భుజాలు రాసుకుంటూ కూర్చునే కాక్‌పిట్‌లో, ఆరు వేల అడుగుల ఎత్తున ఆ పొగ పీలుస్తూ దిగాలి. 1998లో స్విస్‌ఎయిర్ 111 హాలిఫాక్స్ దగ్గర సముద్రంలో కూలి 229 మంది పోయారు. కాక్‌పిట్ పైకప్పు పైన వైర్లలో ఆర్కింగుతో, అంటే కరెంటు నిప్పురవ్వలతో, మంట పుట్టి, చుట్టూ ఉన్న ఇన్సులేషన్ దుప్పట్లకు అంటుకుని ఉండొచ్చని కెనడా పరిశోధకులు తేల్చారు. అంత పెద్ద విమానం, అంత అనుభవమున్న సిబ్బంది.

ఫ్యూజు ఎందుకో కూడా ఇక్కడే చెబుతాను. ఫ్యూజు కాపాడేది వైరుని. రేడియో ఒక ఆంపియరే లాగినా, దానికి వెళ్లేది 22 గేజు వైరైతే 5 ఆంపియర్ల ఫ్యూజు పెడతాం. ఆ వైరు ఎక్కడో రేకుకి ఒరుసుకుని షార్టయితే, వైరు ఎర్రబడేలోగా ఫ్యూజు పోవాలి. పోయిన ఫ్యూజు స్థానంలో పదిదో పదిహేనుదో వేస్తే, ఆ వైరునే ఫ్యూజుగా మార్చినట్టు. గాలిలో ఫ్యూజు పోతే దాన్ని నేల మీదికి వచ్చాక చూసుకోవచ్చు.

ఇక గ్రౌండు. ఊళ్లో ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర న్యూట్రల్ వదులైతే ఏమవుతుందో మీకు తెలుసు. ఒక ఇంట్లో బల్బు గుడ్డిగా వెలుగుతుంది, పక్కింట్లో టీవీ కాలిపోతుంది, తప్పు మాత్రం రెండిళ్లలోనూ లేదు. విమానంలోనూ అంతే. ల్యాండింగ్ లైటు వేస్తే ఇంధనం గేజు పడిపోతుంది, ఫ్లాప్ మోటారు తిరిగితే రేడియోలో గుర్రుమంటుంది. అవి రెండూ ఒకే గ్రౌండు అతుకు మీద ఆధారపడ్డాయి, ఆ అతుకు సరిగా లేదు. ల్యాండింగ్ లైటు కరెంటు ఆ అతుకులో అర వోల్టు పైకి లేపితే, ఇంధనం ట్యాంకులో మట్టం కొలిచి గేజుకు పంపే ఫ్లోటు సెండరుకి తన గ్రౌండు అర వోల్టు పైనున్నట్టు కనిపిస్తుంది. చాలామంది ఆ గేజు మారుస్తారు, తర్వాత సెండరు మారుస్తారు. గ్రౌండు బోల్టు మాత్రం అలాగే ఉంటుంది.

అందుకే కాక్‌పిట్‌లో ఉండే పరికరాలన్నిటి గ్రౌండు వైర్లనూ ఫైర్‌వాల్ (ఇంజిన్‌కీ కాక్‌పిట్‌కీ మధ్య ఉండే గోడ) మీద ఒకేచోట, ఇత్తడి బోల్టుతో బిగించిన ట్యాబుల పట్టీకి చేర్చమంటాను. అదే బోల్టు ఫైర్‌వాల్‌కు అవతలి వైపు బ్యాటరీ నెగటివ్ కేబుల్నీ, ఇంజిన్ నుంచి వచ్చే అల్లిక పట్టీనీ పట్టుకుంటుంది. ఇంజిన్ రబ్బరు మౌంట్ల మీద కూర్చుంటుందని గుర్తుంచుకోండి. రబ్బరు గుండా కరెంటు రాదు. ఆ అల్లిక పట్టీ మరిచిపోయినా, వదులైనా, స్టార్టరు లాగే రెండు వందల ఆంపియర్లు మరో దారి వెతుక్కుంటాయి. ఆ దారి ఇంజిన్ వేగం మార్చే థ్రాటిల్ కేబులో, ఇంధనం పాళ్లు మార్చే మిక్శ్చర్ కేబులో అవుతుంది. సెల్ఫ్ కొట్టిన ప్రతిసారీ ఆ సన్నటి ఉక్కు కేబులు వేడెక్కి, ఒకరోజు గొట్టంలోనే అతుక్కుపోతుంది. థ్రాటిల్ బిగుసుకుపోతే ఎవరూ ఎలక్ట్రికల్ లోపం కోసం వెతకరు.

ఫైబర్‌గ్లాసు విమానాలకు ఇది ఇంకో మెట్టు కష్టం. బర్ట్ రుటాన్ గీసిన లాంగ్-ఈజీ లాంటి వాటిలో కరెంటు తిరిగి రావడానికి లోహపు చర్మమే ఉండదు. వెళ్లే ప్రతి లావుపాటి కేబులుకీ, తిరిగొచ్చే కేబులు మరొకటి వేయాలి. 2 గేజు కేబులుకు అడుగుకు 0.16 మిల్లీఓమ్ నిరోధం ఉంటుంది. బ్యాటరీ ఒక చివర, ఇంజిన్ మరో చివర ఉండి పదిహేను అడుగుల దూరమైతే 2.4 మిల్లీఓమ్‌లు. రెండు వందల ఆంపియర్లకు సుమారు అర వోల్టు, తిరుగు దారిలో మరో అర వోల్టు. పదకొండు వోల్టులకు జారిన బ్యాటరీలోంచి ఒక వోల్టు కేబుల్లోనే పోయింది. ఇంకా అతుకుల సంగతి లెక్కపెట్టలేదు.

ఇప్పుడు తేడాలు పట్టుకోవడం. ఆ మధ్య ఒకాయన ఫోన్ చేసి, సెల్ఫ్ నీరసంగా తిరుగుతోందని, బ్యాటరీ మార్చానని, స్టార్టరు మార్చానని చెప్పారు. ఆయన మీటరుతో ప్రతి అతుకునీ ఓమ్‌లలో కొలిచారు కూడా, అన్నిచోట్లా సున్నా వచ్చింది. రావడం సహజమే. చేతిలో పట్టుకునే మల్టీమీటరు ఓమ్‌ల రేంజిలో అతి తక్కువ కరెంటు పంపుతుంది. నాలుగు మిల్లీఓమ్‌లు దానికి కనిపించవు, రెండు వందల ఆంపియర్లకు అదే అతుకు 0.8 వోల్టులు తినేస్తుంది. వోల్టుల కొలతలోనూ ఈ మోసం ఉంది. పందొమ్మిది పోగుల్లో పద్దెనిమిది తెగి ఒక్కటే మిగిలిన వైరు చివర కూడా మీటరు 12.6 అనే చూపిస్తుంది, ఎందుకంటే మీటరు దాదాపు ఏమీ లాగదు. అక్కడ కారు హెడ్‌లైటు బల్బు ఒకటి తగిలించండి, నిజం బయటపడుతుంది. నా టూల్ పెట్టెలో మీటరు పక్కనే అలాంటి బల్బు ఎప్పుడూ ఉంటుంది.

ఆ విమానం దగ్గరికి వెళ్లాక చేసింది ఇది. మ్యాగ్నెటోలు (బ్యాటరీ లేకుండానే స్పార్కు పుట్టించేవి) ఆఫ్, మిక్శ్చర్ పూర్తిగా కట్, ప్రతి సిలిండరుకీ ఒక స్పార్కు ప్లగ్గు విప్పాం, ప్రొపెల్లరు దరిదాపుల్లో మనిషి లేకుండా చూసుకున్నాం. మీటరు వైర్లకు పొడుగాటి క్లిప్పులు తగిలించి, ఒకటి ఇంజిన్ కేసు మీద, రెండోది బ్యాటరీ నెగటివ్ పోస్టు మీద పెట్టాం. పోస్టు మీద, క్లాంపు మీద కాదు, ఆ రెంటి మధ్యా అతుకు ఉంది కదా. మీటరును కాక్‌పిట్లోకి తెచ్చుకుని సెల్ఫ్ కొట్టాం: 1.1 వోల్టులు. ఉండాల్సింది రెండు మూడు పదో వంతులు. అంటే తప్పు తిరుగు దారిలోనే ఉంది. తర్వాత దారిని సగానికి విభజించాం. ఇంజిన్ నుంచి ఫైర్‌వాల్ బోల్టుకు 0.1, బోల్టు నుంచి బ్యాటరీకి 1.0. మళ్లీ సగం. బ్యాటరీ నెగటివ్ కేబుల్ చివరి లగ్గుకీ (బోల్టు దూరే లోహపు చెవి), దాన్ని బిగించిన రేకుకీ మధ్య 0.8. విప్పి చూస్తే లగ్గు కింద పచ్చటి ప్రైమరు రంగు పూత చెక్కుచెదరకుండా ఉంది. కరెంటంతా బోల్టు మరల గుండా నడుస్తోంది. ప్రైమరు గీకి, లోహం మెరిసేలా రుద్ది, కొత్త వాషరు వేసి బిగించాం. మళ్లీ కొలిస్తే ఆ అతుకులో మిల్లీవోల్టులే. కొత్త బ్యాటరీ, కొత్త స్టార్టరు రెండూ అనవసరంగా కొన్నవే.

ఇదే కొలత పాజిటివ్ వైపూ పనికొస్తుంది. ఆల్టర్నేటరు విషయంలో ఒకటి చెప్పి ముందుకు వెళ్తాను. ఆమ్మీటరు ముల్లు వణుకుతూ, బస్సు (పరికరాలన్నిటికీ కరెంటు పంచే పట్టీ) వోల్టేజీ 14.2 ఉండాల్సింది 14.8కి ఎక్కుతుంటే అందరూ రెగ్యులేటరుని తిడతారు. బయట అమర్చే రెగ్యులేటర్లు చాలావాటికి ఫీల్డు (ఆల్టర్నేటరులోని అయస్కాంతపు చుట్ట) కరెంటు వచ్చే వైరే వోల్టేజీ కొలిచే వైరు కూడా. బస్సు నుంచి బ్రేకరు, స్విచ్చు, రెండు మూడు కనెక్టర్లు దాటి అది రెగ్యులేటరుకు చేరుతుంది. పాతబడ్డ స్విచ్చులో రెండు పదో వంతుల ఓమ్ పెరిగితే, మూడు ఆంపియర్లకు 0.6 వోల్టు పోయింది. రెగ్యులేటరు తన దగ్గర 14.2 ఉండేలా చూస్తూ, బస్సును 14.8కి నెడుతుంది. అది ఫీల్డు పెంచితే ఆ వైరులో వోల్టేజీ ఇంకా పడుతుంది, అందుకే ముల్లు నాట్యం. ఇంజిన్ నడుస్తుండగా బస్సుకీ రెగ్యులేటరు కొనకీ మధ్య వోల్టులు కొలిస్తే అయిదు నిమిషాల్లో తేలిపోతుంది. వోల్టేజీ నిజంగానే అదుపు తప్పి 16 దాటితే ఫీల్డు బ్రేకరుని పడగొట్టే రక్షణ మాత్రం ప్రతి విమానంలోనూ ఉండాలి, ఖరీదైన తెరలన్నీ ఆ బస్సు మీదే ఉన్నాయి.

క్రింపింగు, అంటే వైరు చివర టెర్మినల్‌ను నొక్కి బిగించడం గురించి. వైర్ల చివర్లకు సీసం పోస్తే గట్టిగా ఉంటుందని మనలో చాలామందికి కాలేజీ ల్యాబు నుంచే నమ్మకం. సీసం పోగుల మధ్య పాకి కొంతదూరం వెళ్లి ఆగుతుంది. ఆగినచోట వైరు సగం కడ్డీ, సగం తాడు. లైకమింగ్ ఇంజిన్ కొట్టే అదురుకి సరిగ్గా ఆ హద్దు దగ్గరే పోగులు ఒక్కొక్కటిగా తెగుతాయి. సీసం పోయాల్సి వస్తే, ఆ హద్దు దాటి తొడుగు మీద కూడా పట్టు ఉండేలా కట్టాలి. మంచి టెర్మినల్లో రెండు క్రింపులు ఉంటాయి: ఒకటి రాగిని పట్టుకుంటుంది, రెండోది తొడుగుని. అదురుని మోసేది ఆ రెండోదే. పది డాలర్ల శ్రావణం లాంటి పనిముట్టు ఆ రెండోదాన్ని నొక్కదు. పూర్తిగా మూసేదాకా వదలని ర్యాచెట్ పనిముట్టు కొనండి, ఇక్కడ పిసినారితనం వద్దు. వైరు తొడుగు ఒలిచేటప్పుడు ఒక్క పోగు తెగినా ఆ చివర కోసేసి మళ్లీ ఒలవండి.

వైర్లు నడిచే దారి గురించి రెండు మాటలే. రిబ్బు (రెక్క లోపలి రేకు పక్కటెముక) రంధ్రం ఏదైనా గ్రామెట్ (అంచుకు తొడిగే రబ్బరు రింగు) లేకుండా దాటకూడదు. ఇంధనం గొట్టం పక్కన వెళ్లాల్సి వస్తే వైరు పైన, గొట్టం కింద ఉండాలి, కారిన పెట్రోలు వైరు మీద పడకూడదు.

చివరిగా, ఇప్పుడు కొత్తగా కట్టేవాళ్లంతా ఎదుర్కొనే నిర్ణయం. మ్యాగ్నెటోలున్న ఇంజిన్‌కు బ్యాటరీతో పని లేదు. పొగ వాసన వస్తే మాస్టర్ స్విచ్చు ఆపేయొచ్చు, ఇంజిన్ తిరుగుతూనే ఉంటుంది. ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్, ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్, కరెంటు పంపు మీద నడిచే ఇంజిన్ పెట్టుకుంటే ఆ మాట చెల్లదు. అక్కడ మాస్టర్ ఆపితే ఇంజిన్ ఆగుతుందా లేదా అన్నది మీరు గీసిన బొమ్మే తేలుస్తుంది. నా అభిప్రాయం గట్టిగానే చెబుతాను: అలాంటి ఇంజిన్‌కు కరెంటు మాస్టర్ కాంటాక్టరు (మాస్టర్ స్విచ్చు నడిపే పెద్ద రిలే) గుండా పోకుండా, బ్యాటరీ నుంచి నేరుగా రెండు వేరువేరు దారుల్లో రావాలి, రెండో బ్యాటరీ ఉండాలి. ఆ బ్యాటరీ ఎంతసేపు నిలుస్తుందో కేటలాగు చూసి నమ్మకండి. నేల మీద విమానాన్ని కట్టేసి, ఆల్టర్నేటరు ఆపి, ఇంజిన్‌కీ ఒక్క రేడియోకీ కావలసినంత లోడే ఉంచి, వోల్టేజీ 11కి పడేదాకా గడియారం పట్టుకుని కూర్చోండి. వచ్చిన నిమిషాలు ప్యానెల్ మీద రాసి అతికించండి. ఏటా కండిషన్ ఇన్‌స్పెక్షన్లో మళ్లీ కొలిచి, ఆ అంకె తగ్గితే బ్యాటరీ మార్చండి.

మ్యాగ్నెటోలు పెట్టుకున్నవాళ్లకు మరో హెచ్చరిక. మ్యాగ్నెటో స్విచ్చు పని తలకిందులు: దాని వైరును గ్రౌండు చేస్తే మ్యాగ్నెటో ఆగుతుంది, వైరు తెగితే ఆన్‌లోనే ఉండిపోతుంది. తాళం ఆఫ్‌లో ఉన్నా ప్రొపెల్లరుని చేత్తో కాస్త తిప్పితే ఇంజిన్ అందుకోవచ్చు. అందుకని ప్రతిసారీ ఇంజిన్ ఆపే ముందు, ఐడిల్లో తాళాన్ని ఒక్క క్షణం ఆఫ్‌కు తిప్పి వెనక్కి తేవాలి. ఇంజిన్ తడబడితే వైర్లు బాగున్నట్టు. తడబడకపోతే ఆ రోజు విమానానికి చీటీ కట్టి, కౌలింగు (ఇంజిన్ మూత) విప్పేదాకా ప్రొపెల్లరు దగ్గరికి ఎవరినీ రానివ్వకండి, ముఖ్యంగా చూడ్డానికి వచ్చిన పిల్లల్ని.

వెనక బల్ల మీద ర్యాచెట్ పనిముట్టు, 20 గేజు వైరు ముక్కలు, టెర్మినళ్లు ఉన్నాయి. పక్కన స్ప్రింగు త్రాసు ఉంది. తలో రెండు క్రింపులు నొక్కి లాగి చూడండి, 19 పౌన్ల దాకా జారకూడదు. ఈలోగా ప్రశ్నలు అడగండి.