తాళం ఎవరికి వేస్తున్నాం?

అందరికీ నమస్కారం.

కుడి క్లిక్ కొడితే "కాపీ చేయరాదు" అని ఒక పెట్టె వచ్చి మొహాన పడుతుంది చూశారూ, నేనూ ఒకప్పుడు నా వెబ్‌సైట్‌కి అదే తాళం వేశాను. రెండు వారాలు నిశ్చింతగా నిద్రపోయాను. ఆ తర్వాత నా వ్యాసం ఇంకోచోట కనబడింది, పేరు మాత్రం వేరేవాళ్లది. "చీకటి"ని నేను పొరపాటున "చీటకి" అని కొట్టాను. అది కూడా అలాగే ఉంది! "పోయిన వ్యాసంలో నేను చెప్పినట్టు" అన్న వాక్యాన్నీ వదల్లేదు మహానుభావుడు.

ఇందులో వింతేమీ లేదు. పేజీ తెరమీద కనబడాలంటే అక్షరాలు ముందు చదివేవాడి బ్రౌజర్లోకి దిగాలి. అంటే మనం అడ్డుపడేసరికే కాపీ అతని చేతిలో ఉంది. ఆ పెట్టెను చూపించే కోడ్ జావాస్క్రిప్ట్, బ్రౌజర్లో దాన్ని ఆపేస్తే ఆ పెట్టే రాదు. కంట్రోల్ యూ నొక్కితే పేజీ సోర్సంతా, అంటే దాని వెనకున్న కోడూ అక్షరాలూ, కనబడుతుంది. పోనీ అక్షరాలను బొమ్మగా పెడదామా? ఫోన్లు ఇప్పుడు బొమ్మలోంచి కూడా అక్షరాలు లాగేస్తున్నాయి. నష్టపోయేది చూపులేని పాఠకుడు. అతనికి చదివి వినిపించే స్క్రీన్ రీడర్ మూగబోతుంది. ఒక మాటకు అర్థం వెతుక్కుందామని సెలెక్ట్ చేసే పాఠకుడికీ మన తాళమే అడ్డు.

వెబ్ పేజీలను వాటంతటవే తిరిగి సేకరించే ప్రోగ్రాములకు ఎక్కడికి రావొద్దో చెప్పే రోబోట్స్ ఫైలు సంగతీ అంతే. 1994 నుంచి వాడుకలో ఉంది, 2022లో ప్రామాణికంగా రాసుకున్నారు. అది గుమ్మం దగ్గర బోర్డు, తలుపు కాదు. మర్యాదస్తులు ఆగుతారు.

అందుకే ఆపడం కన్నా పట్టుకోవడం మీద నాకు గురి. పాటల సాహిత్యం పెట్టే జీనియస్ అనే సైట్ ఒక చమత్కారం చేసింది. కొన్ని పాటల్లో అపాస్ట్రఫీలను ఒకచోట నిటారుగా, ఒకచోట వంకరగా పెట్టింది. వాటిని మోర్స్ కోడ్‌లో, అంటే టెలిగ్రాఫ్ చుక్కలూ గీతల్లా, చదివితే "రెడ్ హ్యాండెడ్"! అదే వరస గూగుల్ ఫలితాల్లో దొరికిందంటూ 2019లో కోర్టుకెక్కింది. ఓడిపోయింది. ఆ పాటల కాపీరైట్ జీనియస్‌ది కాదు మరి. 2023లో అమెరికా సుప్రీంకోర్టు కూడా కేసు వినడానికి ఒప్పుకోలేదు.

మన సొంత రాత విషయం వేరు. కాపీరైట్ మీద దేశాలు చేసుకున్న బెర్న్ ఒప్పందంలోని దేశాల్లో, రాసిన క్షణం నుంచే హక్కు మనది, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. దొంగ సైట్‌ని హోస్ట్ చేసే కంపెనీ అమెరికాలో ఉంటే 1998 నాటి అమెరికా కాపీరైట్ చట్టం డీఎంసీఏ కింద తీసేయమని నోటీసు పంపొచ్చు. నేను పంపాను, పేజీ పోయింది. చిత్తుప్రతులు తేదీలతో దాచుకోండి, గొడవ ముదిరితే అక్కరకొస్తాయి.

కుడి క్లిక్ తాళం ఆ రోజే తీసేశాను. "చీటకి" మాత్రం దిద్దలేదు. నెలకోసారి ఆ వాక్యాన్ని కొటేషన్లలో పెట్టి వెతుకుతుంటాను.