80 గంటల గేటు: రాజీ పడింది వీళ్లు, ఎత్తు పెంచింది వాళ్లు

49. 54. 64. ఈ మూడు అంకెలు ఎక్కడైనా రాసిపెట్టుకోండి. ఇవాళ తిప్పి తిప్పి ఇవే చెప్తాను. విసుగొస్తే స్పీడు 1.5లో పెట్టుకుని చూడండి, తప్పేం లేదు.

అమెరికా ఫుడ్ స్టాంపులు, అదే స్నాప్, పేదలు తిండి కొనుక్కోవడానికి ప్రభుత్వం ఇచ్చే సాయం. నెలకి 80 గంటలు పని చేసినట్టు చూపిస్తేనే తిండి అనే రూలు 1996లో పెట్టారు. ఎవరికి? ఇంట్లో పిల్లలు లేని, పని చేయగలిగిన, 49 ఏళ్ల వరకు ఉన్నవాళ్లకి. 2023లో బైడెన్, దిగువ సభ హౌస్‌కి రిపబ్లికన్ స్పీకరైన కెవిన్ మెకార్తీ బేరమాడుకుని దాన్ని 54 చేశారు. 2025లో ట్రంప్ బిల్లు 64 చేసింది. ఈ మూడోసారి డెమోక్రాట్లని అడిగినవాడు లేడు. అడగాల్సిన అవసరం ఎక్కడుంది? గేటు అప్పటికే కట్టి ఉంది కదా, ఎత్తు పెంచడమే మిగిలింది!

నా మాట ఒక్కటే. కోతకి ఒప్పుకుని చేసుకునే రాజీలో మీరు ఇచ్చింది అవతలివాడి దగ్గర శాశ్వతంగా ఉండిపోతుంది. మీరు పుచ్చుకున్నది రెండేళ్లలో వెనక్కి లాగేస్తాడు. డెమోక్రాట్లలో వామపక్షం వైపు ఉండే ప్రోగ్రెసివ్‌లు ఇదే అంటే వాళ్లకి మొండివాళ్లు, చిన్నపిల్లలు, రాజకీయం తెలియనివాళ్లు అని పేరు. సరే, అంకెలు చూద్దాం, ఎవరు చిన్నపిల్లలో తేలుతుంది.

నవంబర్ 2025 గొడవ మీకు తెలిసిందే. బడ్జెట్ కుదరక 43 రోజుల ప్రభుత్వ షట్‌డౌన్, స్నాప్ డబ్బులు ఆగిపోయాయి, ఆఖర్న డెమోక్రాట్ల వైపు నుంచి ఎనిమిది మంది సెనేటర్లు అటు వెళ్లి 60-40తో ముగించారు. ఏ హెల్త్ ఇన్సూరెన్స్ సబ్సిడీల కోసం పట్టుబట్టారో వాటి మీద దక్కిందేంటి? డిసెంబర్‌లో ఓటింగ్ పెడతామనే మాట. ఓటింగ్ పెట్టారు. 51-48. కావాల్సింది 60. మాట నిలబెట్టుకున్నారు, అదనపు సబ్సిడీ పోయింది. పెళ్లికి పిలిచి భోజనం అయిపోయిందన్నట్టు!

అది చిన్న ఉదాహరణ. అసలు కథ 2023ది.

జూన్ 2023. అప్పు పరిమితి పెంచకపోతే ప్రభుత్వం చెల్లింపులు ఆపేసే పరిస్థితి. మెకార్తీకి స్నాప్‌లో పని రూలు బిగించాలి. కుదిరిన బేరం ఏంటంటే, వయసు 49 నుంచి మెట్లమెట్లుగా 54కి వెళ్తుంది. బదులుగా మూడు రకాలవాళ్లకి మినహాయింపు. మాజీ సైనికులు, ఇల్లు లేనివాళ్లు, ఫోస్టర్ కేర్‌లో, అంటే సొంత తల్లిదండ్రుల దగ్గర కాకుండా ప్రభుత్వ సంరక్షణలో పెరిగి బయటికొచ్చిన 24 ఏళ్ల వరకు ఉన్న పిల్లలు. పైగా ఇదంతా 2030తో ముగిసిపోతుందని గడువు కూడా రాశారు.

అప్పుడు సీబీవో, అంటే కాంగ్రెస్ సొంత లెక్కల ఆఫీసు, ఒక లెక్క వదిలింది. మినహాయింపులు ఎంత పెద్దవంటే స్నాప్ ఖర్చు పదేళ్లలో 2.1 బిలియన్ డాలర్లు పెరుగుతుంది, నెలకి సగటున 78,000 మంది కొత్తగా చేరతారు అని. ఇంకేముంది! రాజీ పడ్డోళ్లు చంకలు గుద్దుకున్నారు. చూశారా, మెకార్తీకి టోపీ పెట్టాం అని.

హౌస్‌లో ఓటు 314-117. వద్దన్న డెమోక్రాట్లు 46 మంది. అందులో ప్రమీలా జయపాల్, రో ఖన్నా, అలెగ్జాండ్రియా ఒకాసియో-కోర్టెజ్. సెనేట్‌లో ఆ వైపు నుంచి వద్దన్నది ఐదుగురే, శాండర్స్, వారెన్, మార్కీ, మెర్క్‌లీ, ఫెటర్‌మన్. ఫెటర్‌మన్ అప్పట్లో చెప్పిన కారణం వినండి. ఆకలితో ఉన్నవాళ్ల తిండి లాక్కోవడానికి రిపబ్లికన్లకి సందు ఇవ్వను అన్నాడు. అక్షరాలా నా సిద్ధాంతమే! అదే ఫెటర్‌మన్ 2025 నవంబర్‌లో ఆ ఎనిమిది మందిలో ఉన్నాడు. ఆయన గురించి వేరే వీడియో చేయొచ్చు, ఇప్పుడు వద్దు, బీపీ పెరుగుతుంది.

2025 జులై 4న వన్ బిగ్ బ్యూటిఫుల్ బిల్లు చట్టమైంది. మాజీ సైనికుల మినహాయింపు తీసేశారు. ఇల్లు లేనివాళ్లది తీసేశారు. ఫోస్టర్ పిల్లలదీ తీసేశారు. 2030 గడువు పోయింది. మరి వయసు వెనక్కి 49కి వచ్చిందా? 54 దగ్గరైనా ఆగిందా? 64! ఇదివరకు ఇంట్లో 18 ఏళ్ల లోపు పిల్లలుంటే రూలు వర్తించేది కాదు, ఇప్పుడు పిల్లలకి 14 నిండితే వర్తిస్తుంది. మొత్తం స్నాప్‌లో పదేళ్లకి కోత సుమారు 186 బిలియన్ డాలర్లు అని అదే సీబీవో లెక్క. ఏ 2.1 బిలియన్లు చూసి చంకలు గుద్దుకున్నారో దాని పక్కన 186 పెట్టి చూడండి. ఏకై వచ్చి మేకై కూర్చోవడం అంటే ఇదే.

మరి పని చేయమంటే తప్పేంటి, సోమరిపోతులకి తిండి పెట్టాలా అని కింద కామెంట్ టైప్ చేస్తున్నవాళ్లు ఒక్క నిమిషం ఆగండి. ఈ గేటుని పార్టులు పార్టులుగా విప్పి చూపిస్తాను.

నెలకి 80 గంటలు. ఉద్యోగం కావచ్చు, ట్రైనింగ్ కావచ్చు, వాలంటీరింగ్ కావచ్చు, కలిపి లెక్కపెట్టుకోవచ్చు. 80 రాకపోతే ఆ నెల వాడేసిన నెల కింద పడుతుంది. 36 నెలల్లో అలాంటివి మూడే ఇస్తారు. మూడూ అయిపోతే కార్డులో డబ్బులు పడవు. మళ్లీ కావాలంటే 30 రోజుల్లో 80 గంటలు చేసినట్టు చూపించాలి. ఇంతా చేస్తే ఒంటరి మనిషికి వచ్చేది ఎక్కువలో ఎక్కువ నెలకి 298 డాలర్లు, 2026 ఆర్థిక సంవత్సరం లెక్కన.

80 అంటే వారానికి 20 గంటల లోపే కదా అనిపిస్తుంది. రెస్టారెంట్లో, వేర్‌హౌస్‌లో షిఫ్టులు వేసేది పనివాడు కాదండీ, మేనేజరు. ఫిబ్రవరి తీసుకోండి, సరిగ్గా నాలుగు వారాలు. వారానికి 20 గంటలవాడికి సరిగ్గా 80. మేనేజరు ఒక్క షిఫ్టు కోసేశాడా, 75. 75కీ సున్నాకీ ఈ రూల్లో తేడా లేదు, ఒక నెల మండిపోయింది. జ్వరం వచ్చి మానేస్తే సరైన కారణం కింద ఒప్పుకుంటారు, కానీ అది కాగితం మీద రుజువు చేయాలి. పేస్టబ్, అంటే జీతం చీటీ లేని పనులు, అంటే ఇళ్లలో పని, గడ్డి కోయడం, యాప్‌లో డెలివరీలు, వాటికి గంటలు ఎవరు రాసిస్తారు? డబ్బులు ఆపేముందు కనీసం పది రోజుల నోటీసు పోస్టులో వస్తుంది. పాత అడ్రసుకి పోతే అంతే సంగతులు. ఇక ఇల్లే లేని మనిషి మినహాయింపు తీసేశారు కదా, ఆయనకి ఉత్తరం ఏ అడ్రసుకి పంపుతారు? మన దగ్గర రేషన్ షాపులో ముసలమ్మ వేలిముద్ర పడక వెనక్కి తిరిగిన సీను చూసినవాళ్లకి నేను ఇంతకంటే చెప్పక్కర్లేదు.

ఈ గేటు పని పుట్టిస్తుందా? వర్జీనియా రికార్డులు పట్టుకుని ఆర్థికవేత్తలు తేల్చారు. రూలు పడ్డవాళ్లలో స్నాప్ తీసుకునేవాళ్లు 53 శాతం తగ్గారు. ఉద్యోగాలు పెరిగిన జాడ లేదు. అర్కాన్సా రాష్ట్రం 2018లో ఇదే 80 గంటలని మెడికెయిడ్‌కి, అంటే పేదల ప్రభుత్వ ఆరోగ్య బీమాకి పెట్టింది. గంటలు ఆన్‌లైన్‌లో ఎక్కించాలి. ఆ వెబ్‌సైటు రాత్రి 9 నుంచి ఉదయం 7 దాకా మూసేసేవారు! వెబ్‌సైటుకి డ్యూటీ టైము! రాత్రి షిఫ్టువాడు పని చేశానని చెప్పాలంటే నిద్ర మానుకుని చెప్పాలి. కొన్ని నెలల్లోనే 18,000 మందికి పైగా కవరేజీ పోయింది, 2019 మార్చిలో కోర్టు ఆపేసింది. అక్కడా ఉద్యోగాలేం పెరగలేదు.

ఆగిపోయిందిలే అనుకున్నారు. 2025 చట్టం దాన్ని దేశమంతా పెట్టేసింది. 19 నుంచి 64 ఏళ్ల మెడికెయిడ్ ఎక్స్‌పాన్షన్ వాళ్లకి, అంటే ఒబామాకేర్‌తో మెడికెయిడ్‌లోకి కొత్తగా వచ్చినవాళ్లకి, నెలకి 80 గంటలు, లేదా 580 డాలర్ల సంపాదన, 2027 జనవరి 1 కల్లా రాష్ట్రాలు అమలు చేయాలి. 580 ఎక్కడిదంటే 80 గంటలు ఇంటూ 7.25 ఫెడరల్ కనీస వేతనం. ఆరు నెలలకోసారి అర్హత మళ్లీ చూస్తారు. ఇందులో ఒక ముల్లు ఉంది, చాలామంది గమనించలేదు. ఈ గేటు దగ్గర ఆగిపోయినవాడికి ఒబామాకేర్ మార్కెట్‌ప్లేస్‌లో కొనుక్కునే ప్రైవేటు ఇన్సూరెన్స్‌కి సబ్సిడీ కూడా రాదు. ముందు తలుపు మూసి, వెనక తలుపుకి కూడా తాళం వేశారు.

అందుకే నా సిద్ధాంతం. రాజీలో డాలర్లు లెక్కపెట్టకండి, కొత్తగా ఏ యంత్రం బిగిస్తున్నారో చూడండి. డాలర్లు ప్రతి బడ్జెట్‌లో మారతాయి. యంత్రం ఉండిపోతుంది. తర్వాత వచ్చినవాడు మర తిప్పితే చాలు.

ఈ యంత్రాన్ని మొదట బిగించింది కూడా ఒక రాజీయే. 1996 ఆగస్టు 22, వెల్ఫేర్ చట్టం మీద క్లింటన్ సంతకం. ఎన్నికల ఏడాది. ఇమిగ్రెంట్లకి అన్యాయం జరిగింది, తర్వాత సరిచేద్దాం అన్నాడు ఆయన. పీటర్ ఎడెల్‌మన్ అని, ఆయన సొంత ప్రభుత్వంలోని అధికారే, దీనికి నిరసనగా రాజీనామా చేసి వెళ్లిపోయాడు. కొంత సరిచేశారు, నిజమే, 1997లో కొంత, 2002లో కొంత. కానీ గ్రీన్ కార్డు వచ్చాక ఐదేళ్ల దాకా పెద్దవాళ్లకి మెడికెయిడ్ లేదనే రూలు అప్పటిదే, స్నాప్‌కి ఐదేళ్ల రూలు 2002 సవరణది, రెండూ ఇప్పటికీ ఉన్నాయి. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో అమ్మానాన్నలకి గ్రీన్ కార్డు స్పాన్సర్ చేసి, ఇన్సూరెన్స్ ప్రీమియం చూసి గుండె పట్టుకున్న తెలుగువాళ్లు ఈ వీడియో చూస్తున్నారని నాకు తెలుసు. మీ బిల్లు మీద ఉన్న తారీకు అదే, ఆగస్టు 22, 1996. ఐదేళ్లు దాటాక కూడా స్పాన్సర్ ఆదాయం కలిపి లెక్కేసే రూలు ఉంది, అంటే మీ జీతం చూపించి మీ నాన్నగారిని కాదంటారు.

అదే చట్టంలో పేద కుటుంబాలకి ఇచ్చే నగదు సాయాన్ని ఏడాదికి 16.5 బిలియన్ల ముద్దగా కట్టి రాష్ట్రాలకి ఇచ్చారు. ధరలతో పాటు పెంచాలని మాత్రం రాయలేదు. ఆ లైను లేకపోవడం వల్ల దాని విలువ ఇప్పటికి సగం కరిగిపోయింది. ఎవరూ ఓటేయలేదు, ఎవరూ టీవీలో కొట్టుకోలేదు. నిద్రలోనే సగం పోయింది.

సరే, అవతలి వాదన. 2023లో రాజీ పడకపోతే దేశం దివాలా తీసేది కదా! అయ్యా, 2022 డిసెంబర్‌లో హౌస్, సెనేట్, వైట్‌హౌస్ మూడూ డెమోక్రాట్ల చేతిలో ఉన్నాయి. సెనేట్‌లో 60 ఓట్లు అక్కర్లేని రీకన్సిలియేషన్ అనే దారిలో 51 ఓట్లతో అప్పు పరిమితి పెంచేసే వీలుంది. చేయలేదు. జనవరిలో మెకార్తీకి తుపాకీ అప్పగించి, జూన్‌లో వాడు తుపాకీ చూపించాడు, ఏం చేయగలం అంటే ఏమనాలి?

ఒక్క రాజీ మాత్రం భలే పనిచేసింది, అది కూడా చెప్పాలి. కాకపోతే రిపబ్లికన్లు వాళ్లలో వాళ్లు చేసుకున్నది. స్నాప్ డబ్బులు ఇప్పటిదాకా పూర్తిగా కేంద్రమే ఇచ్చేది. 2025 చట్టం ప్రకారం 2027 అక్టోబర్ నుంచి రాష్ట్రాలు వాటా కట్టాలి, ఎంతనేది వాళ్ల తప్పుల రేటుని బట్టి. 6 శాతం లోపు తప్పులుంటే ఏమీ లేదు, 6 నుంచి 8 అయితే ఖర్చులో 5 శాతం, 8 నుంచి 10 అయితే 10, ఆ పైన 15 శాతం. తప్పు అంటే మోసం అనుకోకండి. ఆఫీసువాళ్లు లెక్క తప్పి తక్కువ ఇచ్చినా అది తప్పే. 2024లో దేశం సగటు 10.93. అంటే సగటు రాష్ట్రం ఆఖరి స్లాబులో ఉంది! ఇప్పుడు ప్రతి ఆఫీసరూ ఏం చేస్తాడు? అనుమానం ఉన్న ప్రతి అప్లికేషన్‌కీ ఇంకో కాగితం అడుగుతాడు. గేటు పక్కన ఇంకో గేటు.

ఇక ఆ బిల్లుకి సెనేట్‌లో 50-50, ఉపాధ్యక్షుడు వాన్స్ ఓటుతో గట్టెక్కాలి, అలాస్కా రిపబ్లికన్ సెనేటరు మర్కౌస్కీ ఓటు కావాలి. అలాస్కా తప్పుల రేటేమో దేశంలోకెల్లా ఎక్కువ, 24 దాటింది. ఏం చేశారంటే, తప్పులు 13.34 శాతం దాటిన రాష్ట్రాలకి వాటా రెండేళ్ల దాకా వాయిదా! తక్కువ తప్పులు చేసినవాడికి ముందు బిల్లు, ఎక్కువ చేసినవాడికి వాయిదా. పరీక్షలో 35 వచ్చినవాడికి ఫీజు, 5 వచ్చినవాడికి సెలవు. ఒక్క సెనేటరు గట్టిగా కూర్చుంటే చట్టంలో లెక్కల సూత్రమే మారింది. అటు 46 మంది వద్దని ఓడిపోతే వాళ్లకి పిల్లలు అని పేరు!

రాష్ట్రాలవారీ తప్పుల రేటు ప్రతి ఏడాదీ జూన్ 30 కల్లా వ్యవసాయ శాఖ సైట్‌లో పెడతారు. అమెరికాలో ఉన్నవాళ్లు మీ రాష్ట్రం 6 కింద ఉందా, 10 పైన ఉందా చూసి కామెంట్‌లో పెట్టండి. 13.34 దాటిందా, మీ గవర్నరుకి నా తరఫున అభినందనలు చెప్పండి.