సూర్యాపేటలో రెండు గన్నులు

శ్రోతలకు నమస్కారం.

హైదరాబాదు నుంచి విజయవాడ పోయే దారిలో దాదాపు సగం దూరానికి సూర్యాపేట వస్తుంది. టీ అక్కడే, టిఫిన్ అక్కడే. ఎలక్ట్రిక్ కార్లు వచ్చాక చాలామందికి చార్జింగ్ కూడా అక్కడే.

ఆ మధ్య ఒక సాయంత్రం అక్కడ హైవే పక్క హోటల్ దగ్గర ఆగాను. ఆవరణలో ఒకటే చార్జింగ్ యంత్రం, దానికి రెండు గన్నులు, అంటే కారుకు తగిలించే వైరు పిడులు. ఒక గన్ను అప్పటికే ఒక కారుకు పెట్టి ఉంది. ఇంతలో ఇంకో కారు వచ్చింది. దాంట్లో ముసలావిడ, ఇద్దరు పిల్లలు. యంత్రం మీద 60 కిలోవాట్లని రాసుంది, అంటే గంటకు 60 యూనిట్లు ఎక్కించే వేగం, అరగంటలో బయల్దేరొచ్చని ఆ తండ్రి లెక్క. తీరా గన్ను పెడితే తెర మీద 30 కూడా దాటడం లేదు. యంత్రం పాడైందేమోనని ఆయన కంగారు పడ్డాడు.

అక్కడున్న వాచ్‌మన్ చెప్పాడు: "పాడు కాలేదు సార్. ఒక్క బండి పెడితే మొత్తం దానికే. రెండు పెడితే చెరి సగం."

చెరి సగం. ఈ మాట గుర్తుపెట్టుకోండి. 40 యూనిట్ల బ్యాటరీని 20 శాతం నుంచి 80కి తేవాలంటే 24 యూనిట్లు ఎక్కాలి. 30 కిలోవాట్ల మీద ముప్పావుగంట పైనే.

మరి మొదటి కారు సంగతి? అది 92 శాతం దగ్గరుంది. బిందె నిండబోతుంటే మనం కొళాయి ఎలా సన్నం చేస్తామో, 80 దాటాక కారు తనంతట తానే కరెంటు అలా తగ్గించుకుంటుంది. తీసుకునేది కొంచెం, పట్టుకుని కూర్చున్నది సగం! వాచ్‌మన్ హోటల్లోకి వెళ్ళి "ఆ తెల్ల బండి ఎవరిది సార్?" అని బల్ల బల్లకూ అడిగాడు. ఆ కారాయన భోజనం మధ్యలో లేచొచ్చి, మారు మాట లేకుండా గన్ను తీశాడు. రెండో కారుకు స్పీడు పెరిగింది. నాకు ఆ వాచ్‌మన్ మీద ఎంత గౌరవం కలిగిందో!

2030 నాటికి నగరాల్లో ప్రతి చదరపు కిలోమీటరు గడికీ ఒక చార్జింగ్ స్టేషనన్నా ఉండాలని 2024లో కేంద్ర విద్యుత్ శాఖ మార్గదర్శకాలు ఇచ్చింది. హైవేల మీద 20 కిలోమీటర్లకొకటి. మంచిదే, రావాలి. అయితే హైవే మీద పెట్టేవి దారిన పోయేవాళ్ళకు. ఊళ్ళో వాళ్ళ మాటేమిటి? మేడ మీద వాటాలో అద్దెకుంటూ స్కూటర్ కొనుక్కున్నవాళ్ళు వైరు ఎక్కణ్ణుంచి లాగాలి? వాళ్ళకు 60 కిలోవాట్లు అక్కర్లేదు. బస్టాండులో, కూరగాయల మార్కెట్ దగ్గర, ఆసుపత్రి ఆవరణలో మామూలు 15 ఆంపుల సాకెట్లు, దానికో మీటరు, పైన ఒక రేకుల షెడ్డు ఉంటే చాలు. చిన్న నగరాలు ముందు చేయాల్సింది ఇదేనని నా అభిప్రాయం.

ఈలోగా కారున్నవాళ్ళకు ఒక్క మాట. బయట ఫాస్ట్ చార్జర్ దగ్గర 80 రాగానే గన్ను తీసేయండి. వెనక ఎవరూ లేకపోతే, ముందు దారిలో చార్జర్ దొరకదనుకుంటే, నిండా పెట్టుకోండి, తప్పు లేదు. కానీ భోజనానికి వెళ్ళేముందు మీ ఫోన్ నంబరు ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి, ముందు అద్దం లోపల పెట్టి వెళ్ళండి. అన్ని చోట్లా వాచ్‌మన్ ఉండడు.

నమస్కారం.